వాన లెక్క వేరు, వాగు లెక్క వేరు

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వానాకాలంలో టీవీ చూసే ప్రతి ఇంట్లో ఈ మూడు అంకెలు నోటికొచ్చు. 2022 జులై 16న అక్కడ నీటిమట్టం 71.3 అడుగులు తాకింది. 1986 తర్వాత అంత నీరు రావడం అదే మొదటిసారి. అయినా ఊళ్లు ఖాళీ చేయించడానికి వ్యవధి దొరికింది. పెద్ద నది చెప్పే వస్తుంది మరి. కడెంలోకి ఎంత చేరింది, ఎల్లంపల్లి దగ్గర ఎన్ని గేట్లెత్తారు, కాళేశ్వరం దగ్గర ప్రాణహిత ఎంత మోసుకొచ్చింది అన్న కబురు నీటికన్నా ముందే కిందికి దిగుతుంది.

ఇప్పుడు మీకో ప్రశ్న. మీ క్వార్టర్ల వెనకాల పారే ఒర్రె ఎన్ని అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక?

మన సింగరేణి ఊరు రామకృష్ణాపూర్‌లో తరాలుగా ఉంటున్నవాళ్లను అడిగినా దీనికి అంకె దొరకదు. "వస్తే మాత్రం ఆగదు" అంటారు, అంతే. ఆ అంకె సంపాదించుకోవడమే ఈ అధ్యాయంలో మీ పని. కుండపోత ఎక్కడ పడొచ్చో చెప్పడానికి వాతావరణ శాఖ ఉంది. పడిన వాన మీరు రోజూ దాటే కల్వర్టు మీదికి ఎంతసేపట్లో ఎక్కుతుందో చెప్పడానికి మీరు తప్ప ఎవరూ లేరు.

2023 జులై 27 తెల్లవారుజామున మోరంచపల్లిలో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని ఊరది. మనలాగే సింగరేణి ఇలాకా. మోరంచవాగు పొంగి ఊరిని ముంచేసింది. జనం మిద్దెలెక్కారు. పడవలు, హెలికాప్టర్లు వచ్చి వాళ్లను దింపాల్సి వచ్చింది. ప్రాణాలూ పోయాయి. ఆ ఉదయం 8:30తో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు, భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన పడింది. అంతకుముందు తెలంగాణ రికార్డు 2013 జులై 19న వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్లు. అది పదేళ్లకే చెరిగిపోయింది.

ఆ రోజుల్లో రాష్ట్రానికి రెడ్ అలర్ట్ ఉంది. హెచ్చరిక రాలేదని ఎవరూ అనలేరు. కానీ ఫలానా ఊరి నెత్తిన 65 సెంటీమీటర్లు కుమ్మరిస్తుందని ముందురోజే వేలుపెట్టి చూపగల శాస్త్రం ఇంకా లేదు. భూపాలపల్లి నుంచి రామకృష్ణాపూర్‌కు గీత గీస్తే 70 కిలోమీటర్లకు అటూ ఇటూ. మేఘాల పట్టీ ఒకటి అంత దూరం పక్కకు జరగడం ఆకాశంలో పెద్ద విషయమేమీ కాదు.

రంగులు చదవడం నేర్చుకోండి

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం. 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ. 204.5 దాటితే అత్యంత భారీ. స్థూలంగా వీటికి పసుపు, నారింజ, ఎరుపు రంగులు. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే కదలమని. వాన రోజు ఉదయం 8:30కు మొదలై మర్నాడు 8:30కు ముగుస్తుందని కూడా గుర్తుంచుకోండి. రాత్రంతా దంచిన వాన "ఈ రోజు" లెక్కలో పడుతుంది.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. "మూడుసార్లు ఆరెంజ్ అన్నరు, చుక్క పడలే. వీళ్లు చెప్పేది నమ్మొద్దు" అని తీర్మానించేస్తారు. బులెటిన్‌లో "అక్కడక్కడ భారీ వర్షాలు" అని ఉంటుంది. ఆ మాటకు శాఖ దగ్గర కొలత ఉంది. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని దాని అర్థం. అంటే ముప్పావు వంతు చోట్ల భారీ వాన పడకపోయినా ఆ అంచనా నెగ్గినట్టే. చెన్నూరులో పడి రామకృష్ణాపూర్‌లో పడకపోతే అంచనా తప్పలేదు, మన వంతు రాలేదు.

24 గంటల హెచ్చరికతో పాటు మరొకటి ఉంటుంది. రాబోయే మూడు గంటలకు మాత్రమే ఇచ్చేది. ఉరుములు, ఈదురుగాలులు, వాన జోరు గురించి జిల్లాలవారీగా వస్తుంది. పొద్దున చూసిన రంగుతో రాత్రి దాకా గడిపేవాళ్లు దీన్ని పట్టించుకోరు. సెకండ్ షిఫ్ట్ దిగి రాత్రి పదకొండు దాటాక బండి మీద ఇంటికొచ్చే మనిషికి పనికొచ్చేది పొద్దుటి రంగు కాదు, పదిన్నరకు వచ్చిన కబురు. మౌసమ్ యాప్‌లోనో, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నడిపే సచేత్‌లోనో అది దొరుకుతుంది. పిడుగుల కోసం దామిని ఉంది. పిడుగు గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను: మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై అంకెలు లెక్కపెట్టే వ్యవధి లేకపోతే, మీరు ఆరుబయట ఉండకూడదు.

రాడార్ బొమ్మ చూడటం అలవాటైన కుర్రాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. మనకు దగ్గరి పెద్ద రాడార్ హైదరాబాద్‌ది. గీత గీస్తే రెండొందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. నాగపూర్‌ది ఇంకా దూరం. రాడార్ కిరణం దాదాపు తిన్నగా పోతుంది, భూమేమో కిందికి వంగిపోతుంది. అందుకని హైదరాబాద్ నుంచి బయలుదేరిన కిరణం మన ఊరి మీదికి వచ్చేసరికి నేలకు దాదాపు నాలుగు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మేఘం పైభాగాన్ని అది చూస్తుంది, కింద జరిగేది దాని కంటబడదు. వేసవిలో పది పన్నెండు కిలోమీటర్లు లేచే ఉరుము మేఘానికి ఇదేమంత అడ్డు కాదు. జులై, ఆగస్టుల్లో అలా కాదు. రుతుపవనాల కాలంలో చిక్కటి వాన చాలావరకు మేఘం కింది భాగంలోనే తయారవుతుంది. బొమ్మలో లేత రంగు కనిపిస్తూనే నేల మీద దంచికొట్టొచ్చు. అందుకే వానాకాలంలో రాడార్ రంగును చూసి ధైర్యం తెచ్చుకోకండి. రాష్ట్ర ప్రణాళికా విభాగం కింద మండల మండలానికీ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి, రాష్ట్రమంతటా కలిపి వెయ్యికి పైనే. ఎక్కడ ఎంత పడిందో అవి చెబుతాయి. మీ వాగు ఎగువన ఉన్న కేంద్రం ఏదో ఈ ఎండాకాలంలోనే కనుక్కుని పెట్టుకోండి. పడబోయే వాన మీద పది అభిప్రాయాలుంటాయి. పడిపోయిన వాన మీద ఒక్క అంకే ఉంటుంది, దాన్ని పట్టుకోండి.

ఎంత జోరు, ఎంతసేపు

చార్లెస్ డాస్‌వెల్, హెరాల్డ్ బ్రూక్స్, రాబర్ట్ మాడక్స్ అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలు 1996లో ఒక పరిశోధనా వ్యాసం రాశారు. ఆకస్మిక వరదల అంచనాలో ఇప్పటికీ దాన్ని పునాదిగా పట్టుకుంటారు. దాని సారం పామరులకూ అందేదే: ఒకచోట పడే మొత్తం వాన రెండింటి గుణకారం, వాన జోరు ఎంత, అది ఎంతసేపు ఆగకుండా ఉంది. జోరుకు కావలసింది గాలిలో తేమ, ఆ తేమను వేగంగా పైకెత్తే శక్తి. ఎంతసేపు అన్నది మేఘం కదలికను బట్టి ఉంటుంది.

మనవాళ్లు జోరును చూసి భయపడతారు. ఎంతసేపు అన్నదాన్ని లెక్కచేయరు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట మొగులు నల్లబడి, గాలిదుమారం లేచి, రాళ్లవాన పడితే ఊరంతా ఉలిక్కిపడుతుంది. మామిడికాయ రాలుతుంది, ఐకేపీ కేంద్రాల్లో ఆరబోసిన వడ్లు తడుస్తాయి, కరెంటు పోతుంది. ఆ మేఘం ఒక్కదాని ఆయుష్షు అరగంట, మహా అయితే గంట. అదీ పరుగెత్తుకుంటూ పోతుంది. నేల ఎండి నోరు తెరుచుకుని ఉంటుంది. పంటకు నష్టమే గానీ వాగు కదలదు.

జులై వాన తీరు వేరు. వాయవ్య బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి, వాయుగుండంగా ముదిరి, ఒడిశా తీరం దాటి ఛత్తీస్‌గఢ్ మీదుగా పోతుంది. దానికి నైరుతి వైపున వాన ఎక్కువ. ఆ నైరుతి వైపున ఉండేది ఉత్తర తెలంగాణ. "వాయుగుండం ఒడిశా తీరం దాటింది" అన్న వార్త వినగానే మన వంతు మొదలైనట్టే. అది చకచకా సాగిపోతే ఒక రోజు ముసురు. నెమ్మదిస్తే ప్రమాదం. అప్పుడు ఒక మేఘం కురిసి పోయేలోగా దాని వెనకే మరొకటి, దాని వెనకే ఇంకొకటి అదే చోటి మీదుగా నడుస్తాయి. రైల్వే గేటు దగ్గర నిలబడితే బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చినట్టు. ఒక్కో వ్యాగన్ దాటిపోతూనే ఉంటుంది, గేటు మాత్రం తెరుచుకోదు. రాడార్ బొమ్మను గంటసేపు వరసగా తిప్పి చూసి, ఎర్రటి మచ్చ కదులుతున్నదా అని మాత్రమే చూసుకుంటే చాలదు. అది వచ్చిన దిక్కునే మళ్లీ కొత్త మచ్చ పుడుతున్నదా అన్నదే అసలు ప్రశ్న.

ఈ వాన పెద్దగా చప్పుడు చేయదు. ఉరుము లేదు కదా, మామూలు ముసురే అనుకుని పడుకుంటారు. మన ప్రాంతంలో వాగుల్ని పొంగించే వానల్లో చాలావాటికి ఉరుములు తక్కువ. చెవితో అంచనా వేయకండి, రేకు మీద శబ్దాన్ని బట్టి అసలే వద్దు.

ఇంకో మాట. ఏ పెద్ద వాన పడినా "క్లౌడ్‌బర్స్ట్" అనడం ఈమధ్య అలవాటైపోయింది. శాఖ నిర్వచనం ప్రకారం ఇరవై ముప్పై చదరపు కిలోమీటర్ల మేర ఒక్క గంటలో 100 మిల్లీమీటర్లు పడితేనే ఆ పేరు. రోజంతా ఆగకుండా దంచినా ముంపు ముంపే. పేరు ఏదైనా నీళ్లకు పట్టింపు లేదు గానీ, క్లౌడ్‌బర్స్ట్ అన్నమాట "ఎవరూ ఏం చేయలేం" అన్న సాకుగా మారడం నాకు నచ్చదు.

లెక్క ఒకసారి వేసి చూడండి. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే పది లక్షల లీటర్లు. మీ వాగులోకి నీళ్లు దించే నేల పది చదరపు కిలోమీటర్లు అనుకుందాం, పెద్దదేం కాదు. గంటలో 60 మిల్లీమీటర్లు పడితే 60 కోట్ల లీటర్లు. అందులో సగం నేల తాగేసి, మిగతా సగం రెండు గంటల్లో మీ కల్వర్టు దాటాలంటే సగటున సెకనుకు దాదాపు 1,500 ఘనపుటడుగులు. టీవీలో ప్రాజెక్టుల గురించి చెప్పే క్యూసెక్కులు ఇవే. రెండు తూముల కల్వర్టు, అందులో ఒకటి ప్లాస్టిక్‌తో, చెత్తతో పూడిపోయింది. మిగతాది ఊహించుకోగలరు.

మీ వాగుకు మూడు గీతలు

భారత వాతావరణ శాఖ 2020 అక్టోబర్ 23న దక్షిణాసియా ఆకస్మిక వరద మార్గదర్శక వ్యవస్థను ప్రారంభించింది. మనతో పాటు బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, శ్రీలంకలకూ అదే. ఆరు గంటల ముందు ముప్పును, 24 గంటల ముందు అవకాశాన్ని నీటి పరీవాహకాలవారీగా చెబుతుంది. దాని వెనక ఉన్న ఆలోచన మీకు బాగా పనికొస్తుంది. వాళ్లు వేసుకునే ప్రశ్న "ఎంత వాన పడుతుంది" అని మాత్రమే కాదు. "ఈ నేల ఇప్పుడున్న తడిలో, ఇన్ని గంటల్లో ఎంత వాన పడితే ఈ చిన్న వాగు ఒడ్డు నిండుతుంది" అని. ముందు ఆ అంకె కడతారు. తర్వాత పడిన, పడబోయే వానను దాని పక్కన పెట్టి చూస్తారు. మీరూ అదే చేయాలి, ఒక్క వాగుకు.

మీరు రోజూ దాటే కల్వర్టు దగ్గరికి మే నెలలో, వాగు ఎండి ఉన్నప్పుడు వెళ్లండి. దూరం నుంచి టార్చి వేస్తే కనబడే చోట, గోడ మీదో స్తంభం మీదో తెల్ల పెయింటుతో మూడు గీతలు గీయండి. మామూలు వానకు నీళ్లు వచ్చే ఎత్తున ఒకటి. రోడ్డుకు మూరెడు కింద రెండోది. రోడ్డు మట్టానికి మూడోది. ఇంటి దగ్గర, చెట్టూ చూరూ అడ్డం లేని చోట, గోడలు నిటారుగా, అడుగు చదునుగా ఉన్న స్టీలు డబ్బా ఒకటి పెట్టండి. వెడల్పు ఎంతైనా సరే, మిల్లీమీటర్ల లెక్క మారదు. కిందకు సన్నబడే బకెట్ మాత్రం పనికిరాదు. స్కేలు ముంచి కొలవడమే. వాన పడుతుంటే గంటకోసారి చూసి, పక్కన వాగు ఏ గీత దగ్గర ఉందో రాయండి. వాగు దగ్గరికి మీరే పోనక్కర్లేదు, అక్కడ ఇల్లున్నవాళ్లకు ఫోన్ చేస్తే చాలు. వరదలో నిలబడి గీత చూసే వీరత్వం ఈ పుస్తకంలో ఏ అధ్యాయంలోనూ లేదు.

ఒక సీజన్ గడిచేసరికి మీ నోటు పుస్తకంలో కొన్ని వరసలు పోగవుతాయి. ఉదాహరణకు, మూడు గంటల్లో 40 మిల్లీమీటర్లు పడితే మొదటి గీత దాటింది, వాన మొదలైన రెండు గంటలకు. ఇంకో రోజు అదే 40కి రెండో గీత తాకింది, గంటంబావుకే. ఈ తేడా ఎందుకొచ్చిందని అడగడంతో మీ చదువు మొదలవుతుంది.

సాధారణంగా కారణం నేల. మృగశిరకు పడిన తొలి వానను నేల గుటగుటా తాగేస్తుంది. నల్లరేగడి పగుళ్లు పూడుకోవడానికే చాలా నీళ్లు పడతాయి. పునర్వసు, పుష్యమి కార్తెలకు వచ్చేసరికి ఇక తాగలేదు. 2022లో కడెం ప్రాజెక్టు మీదికి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా విరుచుకుపడి, కట్ట ఉంటుందా పోతుందా అని రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టినది జులై 13న, పునర్వసులో. మోరంచపల్లి మునిగింది పుష్యమిలో. మన పెద్దలు కార్తెల్ని పంటకోసం లెక్కపెట్టారు. మీరు వాటిని నేల తడికి గుర్తుగా వాడుకోండి. అంతకుముందు వారంలో ముసురు పట్టి ఉంటే, డబ్బాలో కొలిచిన ప్రతి అంకెనూ కాస్త పెంచి చదువుకోండి.

బొగ్గు నేలకు దాని సొంత కారణాలు కొన్ని ఉన్నాయి. ఓపెన్‌కాస్టు మట్టి గుట్టల మీద గడ్డి, చెట్టు పట్టనంత కాలం వాన నిలవదు. జారే నీళ్లతో పాటు మట్టి కొట్టుకొచ్చి కాలువలు పూడుస్తుంది. వాగును దారి మళ్లించిన చోట కొత్త దారి ఎంత మోయగలదో పెద్ద వాన వచ్చేదాకా తెలియదు. పైన చెరువుంటే లెక్క మళ్లీ మారుతుంది. నిండేదాకా చెరువు మీ పక్షాన ఉంటుంది. మత్తడి దుంకడం మొదలైతే పైనుంచి వచ్చినదంతా కిందికే. కట్టకు గండి పడితే మీ మూడు గీతలకూ అర్థం లేదు, ఎత్తైన చోటికి పోవడమే. అందుకని ఎగువ ఊళ్లో ఒక మనిషి ఫోన్ నంబరు సంపాదించుకోండి. ఏ యాప్ కన్నా ముందు ఆ మనిషి చెబుతాడు.

మంచిర్యాలకు దగ్గరగా ఉండేవాళ్లు మరో సంగతి గమనించాలి. రాళ్లవాగు గోదావరిలో కలిసేది అక్కడే. ఎల్లంపల్లి గేట్లెత్తి గోదావరి నిండుగా ఉన్నప్పుడు రాళ్లవాగు నీళ్లు పోవడానికి దారి ఉండదు, వెనక్కి తంతాయి. 2022 జులైలో రాంనగర్, ఎన్టీఆర్ నగర్ మునిగినది, మాతాశిశు ఆసుపత్రి నుంచి బాలింతల్నీ పసిబిడ్డల్నీ తరలించాల్సి వచ్చినది అలాగే. అలాంటప్పుడు మీ ఊళ్లో వాన లేకపోయినా వాగు పెరుగుతుంది. డబ్బా ఖాళీగా ఉంది కదా అని నిశ్చింతగా ఉండే వీల్లేదు.

"ఏం గాదులే"

బాయి పని చేసినవాళ్లకు నీళ్ల భయం కొత్తగా చెప్పనక్కర్లేదు. 1995 సెప్టెంబర్‌లో, ధన్‌బాద్ దగ్గర గస్లీటాండ్ గనిలో, ఒక్క రాత్రి కుండపోతకు కత్రి వాగు నీళ్లు భూగర్భంలోకి దూకి అరవైమందికి పైగా కార్మికుల్ని మింగేశాయి. పైన పడిన వాన, పక్కన ఒక చిన్న నీటిపాయ, కింద మనుషులు. బొగ్గు గనుల నిబంధనల్లో ఒకటి ఉంది: గనిలోకి దిగే ప్రతి ద్వారం, అక్కడ ఎన్నడైనా వచ్చిన అత్యధిక వరద మట్టానికి కనీసం ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉండాలి. గనికి ఉన్న ఈ నియమం గనివాడి ఇంటికి ఎందుకు లేదో నాకు అర్థం కాదు. గడపను ఎత్తు చేయలేకపోవచ్చు. కానీ మీ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో పాతవాళ్లను అడిగి గోడ మీద గుర్తు పెట్టుకోవడానికి ఖర్చేం లేదు. సర్టిఫికెట్లు, పాస్‌బుక్కులు, ఇన్వర్టర్ బ్యాటరీ ఆ గుర్తుకు పైన ఉన్నాయా? లేకపోతే ఈ ఆదివారం పని అదే.

లెక్క తెలిసినా మనసు ఒప్పుకోదు. "నిన్న గూడ ఇట్లనే ఉండె, దాటిన" అంటుంది. ముందు బండివాడు దాటాడు కాబట్టి నేనూ దాటతానంటుంది. ముందు బండివాడి అదృష్టం మీ గీతల మీద రాసి ఉండదు. అతను దాటిన పది నిమిషాల్లో వాగు జానెడు పెరగొచ్చు. వేగంగా పారే నీళ్లు పదిహేను సెంటీమీటర్లుంటే చాలు, నిలబడ్డ మనిషిని పడగొడతాయి. ముప్పై సెంటీమీటర్లకు చిన్న కారు తేలిపోవడం మొదలవుతుంది. అరవైకి చాలా బండ్లు కొట్టుకుపోతాయి. రాత్రిపూట బురద నీళ్ల కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో ఏ హెడ్‌లైటూ చూపించదు.

అందుకే నిర్ణయం నీళ్ల ఎదుట నిలబడి తీసుకునేది కాకూడదు. వాతావరణ శాస్త్రంలో ఒక పాత సూత్రం ఉంది. జాగ్రత్తకయ్యే ఖర్చును, జాగ్రత్త పడకపోతే వచ్చే నష్టంతో భాగించండి. ఆ నష్టం తెచ్చే వాన పడే అవకాశం ఆ భాగానికి మించితే జాగ్రత్త పడాలి. బండిని తీసుకెళ్లి ఎత్తు మీద పెట్టి రావడానికి అయ్యే శ్రమకు రెండొందలు వెల కట్టండి. ఇంజన్‌లోకి నీళ్లు పోతే మరమ్మతుకు ఎనిమిది వేలనుకోండి. నలభైలో ఒక వంతు. అంటే నూటికి మూడు వంతుల అవకాశం ఉన్నా బండి కదపడమే లాభం. చాలామంది "నూటికి డెబ్భై, ఎనభై వంతులు పడుతుందంటేనే కదులుతా" అనుకుంటారు. అది లెక్క తెలియని ధైర్యం. షిఫ్టుకు పోవడానికి వాగు దాటాలా అన్నదానికీ ఇదే భాగహారం. ఒక మస్టర్ పోతుంది, నిజమే, ఇంట్లో లోటు తెలుస్తుంది. కింద వేయాల్సిన అంకె ఏమిటో మీరే వేసుకోండి.

ఇంటిల్లిపాదీ కూర్చుని వాన లేని రోజున ఒప్పందం చేసుకోండి. మొదటి గీత దాటితే బండి, సామాను పైకి, ఫోన్లు ఛార్జింగుకు. రెండో గీతకు ముసలివాళ్లూ పిల్లలూ ముందే అనుకున్న ఇంటికి. షిఫ్టులో ఉన్న మనిషికి ఒక్క మెసేజ్, "గీత రెండు" అని. దాన్ని చూసిన మనిషి ఆ రాత్రి ఇటు బయలుదేరడు. గని దగ్గరే ఉండిపోతాడు, లేదా వాగు అవతల తోటి కార్మికుడి క్వార్టర్‌లో పడుకుంటాడు. ఇంట్లోవాళ్లు "ఇంకా రాలేదేంది" అని ఫోన్ చేయకూడదు. ఈ చివరి షరతే అన్నిటికన్నా కష్టం. సెకండ్ షిఫ్ట్ మనుషుల్ని వాగులోకి దింపేది చాలాసార్లు ఇంటి నుంచి వచ్చే ఆ ఫోనే.

భూమి వేడెక్కేకొద్దీ గాలి ఎక్కువ తేమను మోస్తుంది, ఒక్కో డిగ్రీకి దాదాపు ఏడు శాతం చొప్పున. మధ్య భారతంలో 1950 నుంచి 2015 మధ్య విస్తారంగా కురిసే అతి తీవ్ర వానలు మూడింతలయ్యాయని పుణె శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో తేల్చింది. అందుకని "మా తాతల కాలంలో ఇక్కడిదాకా రాలేదు" అన్న భరోసా మీద బతకడం కుదరదు. తాతలు చూసిన మట్టాన్ని కనీసంగా తీసుకోండి, గరిష్ఠంగా కాదు.

మీ గీతలు కూడా శాశ్వతం కావు. ఎగువన కొత్త మట్టి గుట్ట లేచినా, కాలువ మీద ప్లాట్లు వెలిసినా, కల్వర్టు తీసి వంతెన కట్టినా, పక్కన రోడ్డు ఎత్తు పెంచినా పాత పుస్తకంలోని గంటలూ మిల్లీమీటర్లూ పనికిరావు. ఆ ఏడు పాత పెయింటు గీకేసి, మృగశిర వానతో లెక్క మళ్లీ మొదటినుంచి రాయండి. కొత్త అంకెలు వచ్చేదాకా రెండో గీతకు చేయాల్సిన పనులన్నీ మొదటి గీతకే చేయండి.